ఆరె పట్టిన చెయ్యి ఎవరిది?
అమెరికా 'బక్‌స్కిన్' వేషం మీద ఒక విమర్శ

అమెరికాలో కొంతమంది శనాదివారాల్లో తోలు ఊనుతారు. బతుకుతెరువు కోసం కాదు. మిగతా ఐదు రోజులూ ఆఫీసుల్లోనో, బడుల్లోనో, ఫ్యాక్టరీల్లోనో పనిచేసేవాళ్ళు. సెలవు రోజున ఇంటి వెనక దొడ్లో దుంగ మీద జింక తోలు పరిచి, రెండు చేతులతో పట్టుకునే కత్తితో కండ గీకుతారు. వెంట్రుక రాలగొడతారు. జింక మెదడును నీళ్ళలో మెదిపి తోలుకు పట్టిస్తారు. పిండుతారు, లాగుతారు, పొగబెడతారు. అట్లా తయారైన మెత్తటి తోలే బక్‌స్కిన్. దాంతో చొక్కా, కాళ్ళకు లెగ్గింగులు, మొకాసిన్ చెప్పులు, తూటాల సంచి కుట్టుకుంటారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు అడవి పక్కన గుడారాలు వేసుకుని, 1840కి ముందటి కాలంలో బతుకుతున్నట్టు కొన్ని రోజులు గడుపుతారు.

దీని మీద దళిత అధ్యయనాల పత్రికలో రాయాల్సిన పనేముంది? ఉంది. ఏ పని చేస్తున్నందుకు మనల్ని ఊరి బయటకు నెట్టారో, అదే పనిని మనసు పడి, డబ్బు ఖర్చు పెట్టి చేసేవాళ్ళు వీళ్ళు. వాళ్ళ దొడ్లో కూడా అదే కంపు. వాళ్ళ గోళ్ళలో కూడా అదే కొవ్వు. అయినా పక్కింటివాళ్ళు వాళ్ళని అంటరానివాళ్ళు అనరు, ఓపికమంతులు, పనిమంతులు అంటారు. పని ఒకటే అయినప్పుడు ఒకడు మాదిగోడు, ఇంకొకడు వీరుడు ఎట్లా అయ్యాడు?

"అక్కడ కులం లేదు గదా" అంటే సరిపోదు. ఆ జవాబు తొందరపాటు జవాబు. బక్‌స్కిన్ చొక్కాకు వచ్చిన గౌరవం ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరి చేతుల్లోంచి తెగి ఎవరి భుజాల మీదికి ఎక్కిందో చూడాలి. అది చూస్తే మన లంద గురించి మనం ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో కూడా కొంత తేలుతుంది.

1. పనిలో ఉన్న తెలివి

ముందు పని గురించి. ఎందుకంటే విమర్శకులం పనిని వదిలేసి భావజాలం మీద పడతాం. మన మీద రాసిన అగ్రవర్ణ రచయితలు చేసింది కూడా అదే.

జింక తోలుకు వెంట్రుక ఉన్న వైపు గట్టి పైపొర ఒకటుంటుంది. మామూలు తోలు సరుకులో ఆ పొర ఉంచుతారు, నున్నగా మెరిసేది అదే. బక్‌స్కిన్‌కు ఆ పొరను పూర్తిగా గీకెయ్యాలి. కొందరు తోలును చట్రానికి బిగించి ఎండబెట్టి గీకుతారు. కొందరు బూడిద నీళ్ళలోనో సున్నంలోనో నానబెట్టి దుంగ మీద గీకుతారు. తరవాత మెదడు. అందులోని కొవ్వు పదార్థాలు నీళ్ళతో కలిసి పీచు పీచుకూ పాకుతాయి. ఏ జంతువు తోలు ఊనడానికి సరిపడా మెదడు ఆ జంతువుకే ఉంటుందని అక్కడ ఒక సామెత. అసలు కష్టం ఆ తరవాతే. తడి పూర్తిగా ఆరేదాకా తోలును లాగుతూనే ఉండాలి. నడుమ చెయ్యి ఆపితే చెక్కలా బిగుసుకుపోతుంది. చివరికి పుచ్చిన కట్టెతో మంట లేకుండా పొగబెట్టాలి. ఆ పొగలోని ఆల్డిహైడ్లు తోలు పీచును కట్టిపడేస్తాయి. ఇక వానలో తడిసి ఆరినా అది గట్టిపడదు. పొగ పెట్టని తోలు ఒక్క వానకు పచ్చితోలు గుణానికి తిరిగిపోతుంది.

మన లందలో పొగకు బదులు చెట్టు బెరడు. సున్నం తొట్టిలో నానేసి, వెంట్రుక, కండ గీకి, తోలును సంచిలా కుట్టి, తంగేడు చెక్క ఊరిన నీళ్ళు నింపి వేలాడదీసేవాళ్ళు. చెక్కలోని వగరు తోలుకు పట్టేదాకా నీళ్ళు మార్చి మార్చి పోసేవాళ్ళు. అక్కడ పొగ, ఇక్కడ చెక్క. రెండూ కుళ్ళిపోయే వస్తువును కుళ్ళకుండా నిలబెట్టే శాస్త్రమే. కంచ ఐలయ్య 2009లో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం 'పోస్ట్-హిందూ ఇండియా'లో మాదిగల్ని అట్టడుగు శాస్త్రవేత్తలన్నది ఈ అర్థంలోనే.

ఇక్కడ అమెరికా అభిరుచివాదుల పుస్తకాల గురించి ఒక మంచి మాట చెప్పాలి. లారీ బెలిట్జ్ 1973లో సూ తెగ పద్ధతి మీద పుస్తకం తెచ్చాడు. జిమ్ రిగ్స్ 1980లో 'బ్లూ మౌంటెన్ బక్‌స్కిన్' తెచ్చాడు. మ్యాట్ రిచర్డ్స్ 1997లో 'డీర్‌స్కిన్స్ ఇంటూ బక్‌స్కిన్స్' తెచ్చాడు. ఇవి చేతులతో చేసి చూసిన మనుషుల పుస్తకాలు. ఇట్లాంటి పుస్తకం ఒక పనిని మాటల్లో పెట్టి ఎవరైనా నేర్చుకోవచ్చని చెప్తుంది. ఇంత గౌరవంతో మన లంద మీద అగ్రవర్ణ పండితుడెవడైనా రాశాడా? మద్రాసు రాజధానిలో తోళ్ళ పని మీద 1904లో ఒక పుస్తకం వచ్చింది. రాసింది ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషు అధికారి. ఆయనకు కావలసింది పరిశ్రమ. మన పండితులకు అదీ అక్కర్లేకపోయింది. తోలును ముట్టుకుంటే మైల అయినట్టే, తోలు జ్ఞానాన్ని అక్షరంలో ముట్టుకున్నా వాళ్ళకు మైలే.

ఈ రెండు కథలూ ఒకచోట నిజంగానే కలుస్తాయి. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ క్రోమ్ ఉప్పులతో తోలు ఊనే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వారాల తరబడి పట్టే పని దాంతో గంటల్లోకి, రోజుల్లోకి వచ్చింది. అదే క్రోమ్ పద్ధతిని చాటర్టన్ 1903లో మద్రాసులో ప్రయత్నించాడు, బావుల్లోంచి నీళ్ళు తోడే తోలు బొక్కెనల కోసం. అంటే మన మోట బొక్కెన కోసమే. పాత పని అక్కడా ఇక్కడా ఫ్యాక్టరీ చేతిలో దెబ్బతిన్నది. అక్కడ పోయిన పని అభిరుచిగా తిరిగి వచ్చింది. ఇక్కడ లందలు మూతబడ్డాయి గానీ 'మాదిగోడా' అన్న తిట్టు మూతబడలేదు. అక్కడ పని చేసేవాడికి అంటకుండా పోయింది, ఇక్కడ పని మానేసినవాడికి కూడా అంటుకునే ఉంది.

2. ఏ సంవత్సరాల వేషం ఇది?

ఈ శిబిరాలకు 'రాండెవూ' అని పేరు. బీవర్ బొచ్చు వ్యాపారంలో విలియం ఆష్లీ 1825లో గ్రీన్ నది ప్రాంతంలో పెట్టిన ఏడాది సంతకు ఆ పేరు. కొండల్లో బీవర్లను పట్టే మనుషులు అక్కడికి బొచ్చు తెచ్చి, మందుగుండు, దుప్పట్లు, సారాయి తీసుకుపోయేవాళ్ళు. చివరి సంత 1840లో జరిగింది. అప్పటికి బీవర్లూ తగ్గిపోయాయి, యూరపులో బీవర్ బొచ్చు టోపీల స్థానంలో పట్టు టోపీలూ వచ్చాయి. ఆ పదహారేళ్ళే ఈ అభిరుచికి పవిత్రకాలం. 1933లో పాతకాలపు తుపాకుల సంఘం ఏర్పడింది. 1954-55లో డిస్నీ టీవీలో డేవీ క్రాకెట్ వచ్చాడు. 1968లో 'అమెరికన్ మౌంటెన్ మెన్' అనే సంఘం పుట్టింది. 1972లో 'జెరెమియా జాన్సన్' సినిమా వచ్చింది. 1981 నుంచి 'బుక్ ఆఫ్ బక్‌స్కిన్నింగ్' సంపుటాలు వచ్చాయి. ఇట్లా అది పెరిగింది.

ఈ శిబిరాల్లో నిజాయితీకి చాలా కట్టుబాట్లున్నాయి. బొత్తాం ఎముకదా, ప్లాస్టిక్‌దా? పూస ఆ కాలం సైజుదేనా? దారం నరందా, మిల్లుదా? క్రోమ్‌తో ఊనిన బజారు తోలు తొడుక్కొచ్చినవాణ్ణి చిన్నచూపు చూస్తారు. నీళ్ళ డబ్బా కనబడితే దుప్పటి కప్పాలి. వీటన్నిటికీ ఆధారంగా పాత డైరీలు, జాబితాలు, బొమ్మలు వెతుకుతారు. ఆ కాలపు వేటగాళ్ళు నిలువెల్లా తోలే తొడగలేదని, ఉన్నిని, దుప్పటి గుడ్డను కూడా వాడారని తేల్చింది కూడా ఇట్లాంటి వెతుకులాటే. తడిసిన తోలు ఒంటికి చల్లగా అంటుకుపోతుంది గనక కింది భాగానికి దుప్పటి గుడ్డ వాడినవాళ్ళున్నారు. ఆ శ్రద్ధను ఎగతాళి చేయను.

కానీ 1825 నుంచి 1840 దాకా ఇంకా ఏం జరిగింది? 1830లో అమెరికా కాంగ్రెసు మూలవాసుల్ని మిసిసిపి నదికి పడమరగా తరిమే చట్టం చేసింది. 1838-39లో చెరోకీలను సైన్యం కాపలాతో తోలుకుపోయింది. దారిలోనూ, పోకముందు కుక్కిన శిబిరాల్లోనూ వేలమంది చచ్చిపోయారు. 1837లో బొచ్చు కంపెనీ ఆవిరిపడవ మిస్సోరీ నదిలో ఎగువకు పోతూ మశూచిని కూడా తీసుకుపోయింది. మాండన్ తెగలో మిగిలింది వంద ఒకటిన్నర వంద మందే. అదే ఎండాకాలం గ్రీన్ నది ఒడ్డున సంత జరిగింది.

ఇంకా వెనక్కి పోతే జింక తోలే భూమిని మింగిన కథ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో క్రీక్, చెరోకీ తెగలవాళ్ళు తోళ్ళు ఇచ్చి తుపాకులు, గుడ్డ తీసుకునేవాళ్ళు. తోలే డబ్బు. డాలరును 'బక్' అనడం అక్కణ్ణుంచే వచ్చిందని చెప్తారు. జింకలు తగ్గాయి, అప్పులు పెరిగాయి. 1773లో ఆగస్టా ఒప్పందం జరిగింది. వ్యాపారుల అప్పు కింద ఆ రెండు తెగలూ ఇరవై లక్షల ఎకరాలకు పైగా భూమి వదులుకున్నాయి. జీతగాడి అప్పు మీద మాన్యం పొలం రాయించుకున్న దొరల కథ తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

బొత్తాం దగ్గర అంత నిజాయితీ ఉన్న శిబిరంలో భూమి దగ్గర ఎందుకు మౌనం? 1840కి ముందటిది కాని పూసను గేటు దగ్గరే పట్టుకునే చూపు, 1830 నాటి చట్టాన్ని ఎందుకు చూడలేదు? ఎందుకంటే ఈ పునరభినయం చరిత్రను తిరిగి బతకడానికి కాదు. చరిత్రలో తమకు నచ్చిన మనిషిని తిరిగి బతకడానికి. ఆ మనిషి ఒంటరివాడు, ఎవరికీ లొంగనివాడు, తన బట్ట తానే కుట్టుకున్నవాడు. ఈ ఆఖరి మాటే పెద్ద అబద్ధం.

3. ఆరె పిడి మీది చుక్కలు

కొండల్లో తిరిగిన ఆ మనుషుల తోలు బట్టల్లో చాలా భాగం వాళ్ళు కుట్టుకున్నవి కావు. మూలవాసి ఆడవాళ్ళు కుట్టినవి. తోలు గీకింది, మెదడు పట్టించింది, పొగబెట్టింది, నరంతో కుట్టింది, ముళ్ళపంది ముళ్ళతో అల్లికలు వేసింది ఆ ఆడవాళ్ళు. చరిత్రకారిణి సిల్వియా వాన్ కర్క్ 1980లో తెచ్చిన 'మెనీ టెండర్ టైస్'లో కెనడా బొచ్చు వ్యాపారం గురించి చూపించింది ఇదే. ఆడవాళ్ళు మొకాసిన్లు, మంచు చెప్పులు చెయ్యకపోతే, బొచ్చులు బాగుచెయ్యకపోతే కంపెనీ మనుషులు అడుగు వేయలేకపోయేవాళ్ళు. తరవాత దున్నపోతు తోళ్ళ వ్యాపారం పెరిగినప్పుడు మైదానాల తెగల్లో మగవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఆడవాళ్ళను చేసుకున్నారు. వేటాడేది ఒకడే అయినా తోలు ఊనడానికి చాలా చేతులు కావాలి.

1837 సంతను కళ్ళారా చూసిన చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ జాకబ్ మిల్లర్. అభిరుచివాదులకు ఆయన బొమ్మలు బట్టల మీద పెద్ద ఆధారం. ఆయన బొమ్మల్లో పేరుపడ్డది 'ట్రాపర్స్ బ్రైడ్', వేటగాడి పెళ్ళికూతురు. వేటగాడు చెయ్యి చాస్తాడు. సిగ్గుతో నిలబడ్డ పిల్ల చేతిని పెద్దలు అందిస్తారు. ఆమెకు కట్టిన వెల ఆరువందల డాలర్ల సరుకులని మిల్లరే రాసిపెట్టాడు. ఆ బొమ్మలో అభిరుచివాది చూసేది చొక్కా కుచ్చులు, తుపాకి సంచి పట్టీ, టోపీ. నేను చూసేది ఆ పిల్ల చెయ్యి. వేటగాడు కొంటున్నది ఆమె అందాన్నే అనుకుంటే పొరపాటు. రాబోయే చలికాలాల చొక్కాలన్నీ ఆ చేతుల్లోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఆ తెగల్లో తోలు పని మైల కాదు. అది ఆడదాని ఘనత. మైదానాల తెగల ఆడవాళ్ళు తోలు గీకే పనిముట్టు పిడిని ఎల్క్ కొమ్ముతో చేసుకుని, తాము ఊనిన తోళ్ళకు లెక్కగా దాని మీద గీతలు, చుక్కలు చెక్కుకునేవాళ్ళు. మగవాడు యుద్ధాల లెక్క చెప్పుకున్నట్టు ఆడది తోళ్ళ లెక్క చెప్పుకునేది.

జానెట్ స్పెక్టర్ అనే పురావస్తు పరిశోధకురాలు 1993లో 'వాట్ దిస్ ఆల్ మీన్స్' అనే పుస్తకం తెచ్చింది. తెలుగులో అంటే, 'ఈ ఆరె అర్థమేమిటి?' 1980లో మిన్నెసోటాలో వాపెటన్ డకోటా తెగ పాత పల్లె తవ్వకంలో ఒక చిన్న ఆరె పిడి దొరికింది. కొమ్ముతో చేసింది. దాని మీద వరసగా చుక్కలు, గీతలు. స్పెక్టర్ అడిగింది చాలా సూటి ప్రశ్న. పురావస్తువాళ్ళ పుస్తకాల్లో ఆరెలన్నీ ఇనప మొనను బట్టే ఎందుకు వర్గాలుగా పెట్టారు? ఇనప మొన యూరపు వ్యాపారి ఇచ్చింది. పిడి డకోటా ఆడది చేసుకున్నది. మొనకు పేరుంది, పిడి ఊసే లేదు. మొత్తం బక్‌స్కిన్ వేషం మీద విమర్శ ఈ ఒక్క పరిశీలనలో ఉంది.

మన దగ్గర కూడా ఆరె, కత్తి మాదిగ గుర్తులు. మా తాత ఆరె ఇంటి చూరులో గుచ్చి ఉండేది. దాని కర్రపిడి అరచేతి ఒరిపిడికి నడుమ సన్నబడిపోయింది. దాని మీద లెక్కలేమీ లేవు. ఊరందరికీ చెప్పులు, వార్లు, మోట బొక్కెనలు ఇచ్చినందుకు కల్లంలో ఎత్తిపోసిన గింజలే కూలి. అది కూడా దొర ఇష్టం. తన పనిని తానే లెక్కపెట్టుకునే హక్కు డకోటా ఆడదానికి ఉంది. మా తాతకు లేదు. అందుకే ఆ ఆడవాళ్ళ కథనూ మన కథనూ ఒకటే అని కలిపేయడం తప్పు. వాళ్ళ పనికి సొంత జనంలో గౌరవం ఉంది, బయటివాడొచ్చి ఆ గౌరవాన్ని ఎత్తుకుపోయాడు. మన పనికి సొంత ఊళ్ళోనే గౌరవం లేకుండా చేశారు.

ఇంకో సంగతి. 'మౌంటెన్ మెన్' సంఘం పేరులోనే మగవాళ్ళుంది. చేతితో చేసుకున్న బట్ట, సామాను ఉండాలన్నది ఆ సంఘం పద్ధతి. అంటే ఒకప్పుడు మూలవాసి ఆడది చేసిన పనిని ఇవాళ తెల్ల మగవాడు చేసి, అది ఆనాటి మగవాడి స్వయంశక్తి అని చెప్తున్నాడు. ఇంత తలకిందులు వ్యవహారం కూడా ఎవరికీ అనుమానం రాకుండా సాగిందంటే, పని చేసిన చేతులు చరిత్రలో ఎంత సులభంగా చెరిగిపోతాయో ఆలోచించండి.

4. ఒకరికి విప్పించి ఇంకొకరికి తొడిగి

1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో మూలవాసి పిల్లలకు ప్రభుత్వ బడి తెరిచారు. వచ్చిన పిల్లలకు మొదట చేసింది జుట్టు కత్తిరించడం, ఒంటి మీది బట్టలు తీయించి యూనిఫారం వేయడం. 1883లో బఫెలో బిల్ తన 'వైల్డ్ వెస్ట్' ప్రదర్శన మొదలుపెట్టాడు. అందులో ఆయన వేషం కుచ్చుల తోలు చొక్కా. 1885లో థియొడోర్ రూజ్‌వెల్ట్, తరవాత అధ్యక్షుడైనవాడు, న్యూయార్క్ స్టూడియోలో బక్‌స్కిన్ తొడుక్కుని, తుపాకి పట్టుకుని ఫొటో దిగాడు. ఈ మూడు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకరి ఒంటి మీద అనాగరికం అని విప్పించిన బట్టే, అదే కాలంలో ఇంకొకరి ఒంటి మీద మగతనం అయింది.

యాంక్టన్ డకోటా రచయిత్రి జిట్‌కాలా-షా ఎనిమిదేళ్ళ వయసులో 1884లో ఇండియానా రాష్ట్రంలోని క్వేకర్ల బడికి పోయింది. 1900లో 'అట్లాంటిక్ మంత్లీ'లో ఆ సంగతులు రాసింది. భుజాల మీది దుప్పటి లాగేశారు. మెత్తని మొకాసిన్లు తీసి కిర్రుమనే బూట్లు తొడిగించారు. కుర్చీకి కట్టేసి జడలు కోశారు. పాతకాలపు తుపాకుల సంఘం ఏటా పోటీలు పెట్టే ఫ్రెండ్‌షిప్ అనే ఊరు కూడా ఇండియానాలోనే ఉంది. ఒకే రాష్ట్రంలో ఒక పిల్ల కాళ్ళ నుంచి మొకాసిన్ ఊడింది, అర్ధశతాబ్దం తరవాత వేరేవాళ్ళ కాళ్ళకు ఎక్కింది.

డకోటా వంశానికి చెందిన చరిత్రకారుడు ఫిలిప్ డెలోరియా 1998లో 'ప్లేయింగ్ ఇండియన్'లో ఈ వేషాల చరిత్రంతా చెప్పాడు. 1773లో బోస్టన్ ఓడరేవులో తేయాకు పెట్టెలు సముద్రంలో పడేసినవాళ్ళు మోహాక్ వేషం వేసుకున్న దగ్గర్నుంచి, తెల్ల అమెరికన్లు తామెవరో తేల్చుకోవడానికి మూలవాసి వేషం వేస్తూ వచ్చారంటాడు. మూలవాసి కావాలి, మూలవాసి పక్కన ఉండకూడదు.

నల్లవాళ్ళ సంగతీ ఇంతే. కొండ వేటగాళ్ళలో పేరుపొందిన జేమ్స్ బెక్‌వర్త్ వర్జీనియాలో బానిస తల్లికి పుట్టాడు. క్రో తెగలో ఏళ్ళ తరబడి బతికాడు. ఆయన జీవితకథ 1856లో అచ్చయింది. 1951లో వచ్చిన 'టొమాహాక్' సినిమాలో ఆయన పాత్రను తెల్లనటుడు వేశాడు. తోలు చొక్కా మిగిలింది, చర్మం రంగు మారింది.

అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మూలవాసి పెద్దల దగ్గర నేర్చుకుని, ఆ సంగతి ఒప్పుకుని రాసినవాళ్ళున్నారు. పోబోయిన పద్ధతుల్ని పుస్తకంలో నిలిపినవాళ్ళున్నారు. మూలవాసులు చేయని సరుకును వాళ్ళు చేసిందని అమ్మితే నేరమని 1990లో అమెరికా చట్టం చేసింది. ఆ చట్టం అమ్మకాన్ని ఆపుతుంది, వేషాన్ని కాదు. అంతకంటే ముఖ్యమైంది, కెనడా ఉత్తరాన దేనే జనం ఈ మధ్య సంవత్సరాల్లో తమ శిబిరాలు తాము పెట్టుకుని, ముసలమ్మల దగ్గర పిల్లలు మూస్ తోలు ఊనడం నేర్చుకుంటున్నారు. అక్కడ కూడా అదే గీకుడు, అదే మెదడు, అదే పొగ. కానీ అక్కడెవరూ వేషం వేయడం లేదు.

5. మన లంద దగ్గరికి

ఇప్పుడు మన మాట. ఈ అభిరుచి మనకు రెండు సంగతులు రుజువు చేస్తుంది. ఒకటి, తోలులో మైల లేదు. మైల అంతా చూసేవాడి కంట్లో, వాడి శాస్త్రంలో ఉంది. రెండోది మనం మరిచిపోయేది. ఆ పనికి గౌరవం వచ్చింది తోలు వల్ల కాదు, వదులుకోగలగడం వల్ల. ఆదివారం సాయంత్రం చేతులు కడుక్కుని సోమవారం ఇంకో మనిషై పోగలడు గనకే శనివారం కంపు అతనికి ముచ్చటగా ఉంది.

మన దేశంలోనూ ముచ్చటపడి తోలు పట్టినవాళ్ళున్నారు. 1930లలో గాంధీ 'హరిజన్' పత్రికలో పల్లె తోళ్ళ పని గురించి రాశాడు. వార్ధా దగ్గర నల్వాడీలో చర్మాలయం నడిచింది. సవర్ణులు కొందరు ఆ పని నేర్చుకున్నారు. నేర్చుకున్నవాళ్ళు మాదిగలు కాలేదు. మాదిగలు ఆ పని నుంచి బయటపడలేదు. పనిని గౌరవించండి అన్నారే గాని, పుట్టుకకూ పనికీ ఉన్న ముడిని తెంచండి అనలేదు.

అంబేద్కర్ ఆ ముడినే పట్టుకున్నారు. చచ్చిన పశువుల్ని మోయడం మానమని మహర్లకు చెప్పినప్పుడు, తోలు, కొమ్ములు, డెక్కల మీద వచ్చే లాభం పోతుందని లెక్కలు కట్టి చూపించినవాళ్ళు బయల్దేరారు. అంత లాభముంటే మీరే వచ్చి ఆ పని చేసుకోండని ఆయన జవాబు. దీక్ష తీసుకున్న మర్నాడు, 1956 అక్టోబరు 15న నాగపూర్ ఉపన్యాసంలో ఈ సంగతి గుర్తుచేసుకున్నారు. అమెరికా అభిరుచివాది ఒక రకంగా ఆ సవాలుకు జవాబు. పుట్టుక తరమకపోతే ఆ పనిని ఎవరైనా చేస్తారు, ఇష్టంగా కూడా చేస్తారు. మన సవర్ణులు చేయలేదంటే కంపు వల్ల కాదు.

మన దగ్గర ఆ పని ఇప్పటికీ ప్రాణం మీదికి తెస్తుంది. 2002 అక్టోబరు 15న హర్యానాలోని ఝజ్జర్ దగ్గర ఆవును చంపారన్న పుకారుతో ఐదుగురు దళితుల్ని కొట్టి చంపారు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. తరవాత నెలలోనే మన అమలాపురంలో, కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని చెట్టుకు కట్టి కొట్టారు. శవం మొయ్యాల్సింది నువ్వే, మోస్తే కొట్టేది నిన్నే. ఊనా తరవాత గుజరాత్ దళితులు చచ్చిన పశువుల్ని కలెక్టరాఫీసు ముందర పడేసి, మీ తల్లిని మీరే చూసుకోండన్నారు. మోయనని చెప్పడమే అక్కడ గౌరవం అయింది.

కాబట్టి ఇవాళ లంద గురించి ఎవరైనా వారసత్వం, హస్తకళ, పర్యావరణహిత తోలు అని ముచ్చటగా మాట్లాడితే, బక్‌స్కిన్ చొక్కాను పరీక్షించిన ప్రశ్నలతోనే పరీక్షించాలి. తోలు ఎవరు గీకారు, పేరు ఎవరికొచ్చింది? ఆ పని మానేసే స్వేచ్ఛ చేసేవాడికి ఉందా? లెక్క ఎవరి చేతిలో ఉంది? ప్రదర్శనశాలలో డప్పు గోడకెక్కి, డప్పు కొట్టినవాడు గేటు బయట ఉంటే అదీ బక్‌స్కిన్ వేషమే.

మనవాళ్ళకూ ఒక మాట. చదువుకున్న మనలో కొందరం లంద ఊసెత్తితే తల వంచుకుంటాం. ఇంకొందరం దాని మీద కవిత్వం రాసి, అక్కడి చాకిరీని మరిచిపోతాం. 1994లో దండోరా వచ్చాక పేరు చివర 'మాదిగ' అని రాసుకోవడం మొదలైంది. అది వేషం కాదు. తిట్టుగా వాడిన మాటను సొంతవాళ్ళే తీసుకుని నిలబెట్టడం. పేరుతో చేసిన ఆ పని, పని దగ్గర కూడా చెయ్యాలి. తంగేడు చెక్క ఎన్నాళ్ళు నానాలో, సున్నం ఎప్పుడు సరిపోయిందో వేలితో నొక్కి చెప్పగలిగిన పెద్దోళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పోయి, వాళ్ళ పేరుతో, వాళ్ళ మాటల్లో, ఆడవాళ్ళు చేసిన పని ఏదో మగవాళ్ళు చేసింది ఏదో విడదీసి రాసిపెట్టాల్సింది మన పరిశోధకులే. అది రాసిపెట్టాక, వాళ్ళ మనవలు లంద దగ్గరికి పోనక్కర్లేదు. పోవాలనిపిస్తే పోవచ్చు. ఆ 'అనిపిస్తే' అనే మాట ఇంకా మనది కాలేదు.